ముప్పై రోజుల గెలుపు

కడుపులోని పెద్ద రక్తనాళం ఉబ్బిందని స్కానింగులో తేలగానే ఇంటిల్లిపాదీ అడిగేది ఒకటే: "డాక్టరు గారూ, కోత లేకుండా అయ్యే మార్గం చూడండి." ఆస్పత్రి కరపత్రం, టీవీలో ఆరోగ్య కార్యక్రమం, అమెరికాలో ఉన్న కొడుకు వాట్సాప్‌లో పంపిన వీడియో అన్నీ ఆ కోరికకే వంత పాడతాయి. గజ్జల దగ్గర చిన్న రంధ్రం, అందులోంచి ఒక స్టెంట్ గ్రాఫ్ట్, రెండు మూడు రోజుల్లో ఇల్లు. పొట్ట నిలువునా కోసే ఆపరేషన్‌కు కాలం చెల్లిందన్న అభిప్రాయం రోగుల్లోనే కాదు, వైద్యుల్లోనూ పాతుకుపోయింది. ఇది తప్పు అభిప్రాయం. ఒంట్లో సత్తువ ఉండి, ఇంకా పది పదిహేనేళ్లు హాయిగా బతకగల మనిషి విషయంలో ప్రమాదకరమైన తప్పు కూడా.

బృహద్ధమని గుండె నుంచి బయల్దేరి, వెన్నెముకను ఆనుకుని కిందికి దిగి, బొడ్డు మట్టంలో రెండుగా చీలి కాళ్లకు వెళుతుంది. కడుపులో దాని వెడల్పు మామూలుగా రెండు సెంటీమీటర్లు. మూడు దాటితే ఉబ్బు కిందే లెక్క. పొగ తాగే అలవాటున్న మగవాళ్లలో, అరవై అయిదు పైబడినవాళ్లలో ఇది ఎక్కువ. సాధారణంగా నొప్పి ఉండదు, సూచన ఉండదు. పగిలిందంటే సగానికి సగం మంది ఆస్పత్రి గుమ్మం కూడా తొక్కలేరు. ఐన్‌స్టీన్ ప్రాణం తీసింది ఈ జబ్బే. 1948లో రుడాల్ఫ్ నిస్సెన్ అనే సర్జన్ ఆయన ఉబ్బు చుట్టూ సెల్లోఫేన్ కాగితం చుట్టారు. అప్పటికి తెలిసిన వైద్యం అంతే. ఆరేళ్ల తర్వాత, 1955 ఏప్రిల్‌లో అది పగిలింది. ఆపరేషన్ వద్దని చెప్పి ఆయన ప్రిన్స్‌టన్‌లో కన్నుమూశారు.

అప్పటికే ఫ్రాన్స్‌లో ఈ జబ్బుకు దారి దొరికింది. 1951 మార్చి 29న పారిస్‌లో షార్ల్ దుబో ఉబ్బిన భాగాన్ని తీసేసి, చనిపోయిన మనిషి నుంచి సేకరించిన ధమనిని దాని స్థానంలో కుట్టారు. హ్యూస్టన్‌లో మైకేల్ డిబేకీ డాక్రాన్ గుడ్డ కొనుక్కొచ్చి, భార్య కుట్టుమిషన్ మీద తానే గొట్టాలు కుట్టి చూశారు. ఇవాళ ఆపరేషన్ థియేటర్‌లో వాడే గొట్టం ఆ డాక్రాన్ వారసత్వమే.

ఓపెన్ ఆపరేషన్ అంటే ఏం చేస్తారో తెలియకపోవడం వల్లనే దాని మీద ఇంత భయం. రొమ్ము ఎముక దిగువ నుంచి బొడ్డు కింది దాకా కోస్తారు. పేగులను పక్కకు జరిపి వెనకాల పొర తెరిస్తే ఉబ్బిన నాళం గుండెతో పాటే కొట్టుకుంటూ కనబడుతుంది. రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇచ్చి, కిడ్నీ నాళాలకు కాస్త దిగువన ఒక క్లాంపు, కాళ్ల వైపు వెళ్లే నాళాల మీద చెరొక క్లాంపు బిగిస్తారు. ఉబ్బును నిలువునా చీలుస్తారు. లోపల ఏళ్ల తరబడి పొరలు పొరలుగా పేరుకున్న గడ్డను చేత్తోనే తీసేస్తారు. అప్పటికీ వెన్ను వైపు గోడలోంచి చిన్న చిన్న నాళాలు రక్తం చిమ్ముతూనే ఉంటాయి. సర్జన్ వాటిని ఒక్కొక్కటిగా వెతికి, లోపలి నుంచే కుట్టేస్తాడు. ఈ ఒక్క వివరం మనసులో పెట్టుకోండి, దీనితో ముందు పని ఉంది. ఆ తర్వాత మడతలు మడతలుగా ఉండే తెల్లటి డాక్రాన్ గొట్టాన్ని నీలిరంగు ప్రోలీన్ దారంతో పైన ఆరోగ్యంగా ఉన్న ధమనికి, కింద మళ్లీ ఆరోగ్యంగా ఉన్న ధమనికి చుట్టూ కుడతారు. క్లాంపులు వదిలి, కుట్ల దగ్గర ఎక్కడైనా రక్తం ఊరుతోందేమో చూసి, ఖాళీ అయిన పాత ఉబ్బు గోడనే గొట్టం మీద కప్పి కుట్టేస్తారు, పేగు దానికి అంటుకోకుండా. ఒకటి రెండు రోజులు ఐసీయూ, వారం పది రోజులు ఆస్పత్రి, పూర్తిగా కోలుకోవడానికి రెండు మూడు నెలలు. బరువైన వైద్యమే, కాదనను. కానీ ఆ ఉబ్బు కథ అక్కడితో ముగుస్తుంది.

స్టెంట్ గ్రాఫ్ట్ దారి వేరు. నిటినాల్ అనే లోహపు తీగల చట్రానికి గుడ్డ తొడిగిన గొట్టాన్ని సన్నగా ముడిచి, తొడ మొదట్లోని నాళంలోంచి పైకి పంపి, ఎక్స్‌రే తెర మీద చూస్తూ ఉబ్బు లోపల విప్పుతారు. అది విచ్చుకుని, తన ఒత్తిడితోనూ చిన్న కొక్కేలతోనూ ధమని గోడకు అదుముకుని నిలబడుతుంది. కుట్టు ఉండదు. ఉబ్బును తీసెయ్యరు, తెరవనైనా తెరవరు. రక్తం దానిలోకి పోకుండా లోపల ఒక అడ్డు పెడతారు. వెన్ను వైపున్న ఆ చిన్న నాళాలు ఎప్పటిలాగే ఉబ్బులోకి తెరుచుకునే ఉంటాయి.

బ్యూనస్ ఎయిరిస్‌లో హువాన్ పరోడి 1990 సెప్టెంబరులో ఈ పద్ధతిలో తొలి చికిత్స చేశారు. ఆయన దృష్టిలో ఉన్నది ఓపెన్ ఆపరేషన్‌ను తట్టుకోలేని మనుషులు: గుండె బలహీనమైనవాళ్లు, ఊపిరితిత్తులు పాడైనవాళ్లు, మత్తు ఇస్తే లేవరేమోనని భయపడవలసినవాళ్లు. గొప్ప ఉద్దేశం, గొప్ప ఆలోచన. తర్వాత జరిగిందేమిటి? సరిగ్గా అలాంటి రోగుల మీదే బ్రిటన్‌లో ఈవార్-2 అనే పరిశోధన చేశారు. ఓపెన్ ఆపరేషన్‌కు పనికిరారని తేల్చినవారిలో కొందరికి స్టెంట్ గ్రాఫ్ట్ పెట్టి, కొందరికి ఏమీ చేయకుండా ఏళ్ల తరబడి గమనించారు. ఉబ్బు పగిలి పోయేవాళ్లు తగ్గారు, కానీ మొత్తం మీద ఆయుష్షు పెరగలేదు. వాళ్లను గుండె జబ్బో ఊపిరితిత్తుల జబ్బో ముందే తీసుకుపోయింది. అంటే ఎవరి కోసం ఈ పరికరం పుట్టిందో వాళ్లకు దీనివల్ల ఆయువు దక్కలేదు. ఎవరికి దీని అవసరం తక్కువో, ఆ దృఢమైన మనుషులకు మాత్రం ఇదే మొదటి చికిత్స అయి కూర్చుంది.

దృఢమైన మనుషుల్లో రెండు పద్ధతులనూ పోల్చిన పరిశోధనల్లో పెద్దది ఈవార్-1. బ్రిటన్‌లో 1999 నుంచి 2004 దాకా 1,252 మందిని చేర్చుకుని, ఎవరికి ఏ పద్ధతో లాటరీ పద్ధతిలో నిర్ణయించారు. 2004లో తొలి ఫలితాలు వచ్చాయి. ముప్పై రోజుల్లో మరణించినవాళ్లు స్టెంట్ గ్రాఫ్ట్ వర్గంలో 1.7 శాతం, ఓపెన్ వర్గంలో 4.7 శాతం. నెదర్లాండ్స్‌లో జరిగిన డ్రీమ్ పరిశోధనలో 1.2, 4.6 శాతాలు. అమెరికా మాజీ సైనికుల ఆస్పత్రుల్లో 881 మందితో నడిచిన ఓవర్ పరిశోధనలో 0.5, 3.0 శాతాలు. మూడు దేశాల్లో ఒకే ఫలితం. ఓపెన్‌కు కాలం చెల్లిందన్న ప్రచారమంతా ఈ అంకెల మీదే నిలబడింది. అంకెలు నిజమే. వందమందిలో ముగ్గురి ప్రాణం చిన్న విషయం కాదు.

అయితే ఇవి ముప్పై రోజుల లెక్కలు. రోగి బతకాలనుకునేది ముప్పై రోజులు కాదు.

ఆ పరిశోధకులే తమ రోగులను వదలకుండా గమనిస్తూ వచ్చారు, అందుకు వాళ్లకు చేతులెత్తి మొక్కాలి. రెండు మూడేళ్లు తిరిగేసరికి రెండు వర్గాల మధ్య తేడా చెరిగిపోయింది. డ్రీమ్‌లో ఆరేళ్ల తర్వాత బతికున్నవాళ్లు రెండు వైపులా దాదాపు సమానం; మళ్లీ ఏదో ఒక చికిత్స అవసరమైనవాళ్లు మాత్రం స్టెంట్ గ్రాఫ్ట్ వైపు సుమారు 30 శాతం, ఓపెన్ వైపు 18 శాతం. పద్నాలుగేళ్ల దాకా సాగిన ఓవర్‌లోనూ మరణాలు సమానమే, మళ్లీ మళ్లీ చికిత్సలు స్టెంట్ గ్రాఫ్ట్ వైపే ఎక్కువ. 2016లో ఈవార్-1 వాళ్లు పదిహేనేళ్ల ఫలితాలు లాన్సెట్ పత్రికలో ప్రచురించారు. అక్కడ తక్కెడ అటు నుంచి ఇటు మొగ్గింది. ఎనిమిదేళ్లు దాటాక స్టెంట్ గ్రాఫ్ట్ పెట్టించుకున్నవాళ్లలోనే మరణాలు ఎక్కువయ్యాయి. ఉబ్బుకు సంబంధించిన మరణాలే చూస్తే ఓపెన్ వర్గం కంటే దాదాపు ఆరు రెట్లు. కారణం ఏమిటంటే, మూసేశామనుకున్న ఉబ్బు మళ్లీ పగలడం. ఏ ప్రమాదం తప్పించడానికి చికిత్స చేశారో అదే ప్రమాదం ఎనిమిదేళ్లు ఆగి తిరిగి వచ్చింది.

బ్రిటన్ సంగతి వదిలేద్దామన్నా అమెరికా వృద్ధుల బీమా పథకం మెడికేర్ లెక్కలున్నాయి. దాదాపు నలభై వేల జంటలను, అంటే వయసులోనూ జబ్బుల్లోనూ సరిపోలే ఇద్దరిద్దరిని పోల్చి 2015లో ప్రచురించారు. మొదట్లో మరణాలు 1.6 శాతానికి 5.2 శాతం, స్టెంట్ గ్రాఫ్ట్‌దే గెలుపు. మూడేళ్ల తర్వాత ఆ ఆధిక్యం పోయింది. ఎనిమిదేళ్లలో ఉబ్బు పగిలినవాళ్లు స్టెంట్ గ్రాఫ్ట్ వర్గంలో 5.4 శాతం, ఓపెన్ వర్గంలో 1.4 శాతం.

ఎందుకిలా అవుతుంది? ధమని గోడను పాడుచేసిన జబ్బు స్టెంట్ గ్రాఫ్ట్ పెట్టినంత మాత్రాన ఆగదు కాబట్టి. కిడ్నీ నాళాలకు దిగువన, ఉబ్బుకు ఎగువన బాగున్న భాగాన్ని వైద్యులు మెడ అంటారు. గొట్టమంతా ఆ మెడనే పట్టుకుని వేలాడుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ మెడ కూడా వెడల్పవుతుంది. చుట్టూ మట్టి జారుతున్న బావిలో దించిన ఒరల పరిస్థితే దీనిదీ: ఒర గట్టిదే, దాన్ని పట్టుకుని ఉండవలసిన నేల వదులైపోతుంది. పట్టు సడలితే గొట్టం కిందికి జారుతుంది, పక్క నుంచి రక్తం ఉబ్బులోకి చొరబడుతుంది. ఒక్కోసారి గొట్టం ముక్కలు కలిసే చోట విడిపోతాయి, గుడ్డకు చిల్లు పడుతుంది. ఇవేవీ లేకపోయినా, వెన్ను వైపున్న చిన్న నాళాలు ఉబ్బును వెనక నుంచి నింపుతూ ఉండవచ్చు. ఓపెన్ ఆపరేషన్‌లో సర్జన్ వెతికి వెతికి కుట్టేసినవి ఇవే. స్టెంట్ గ్రాఫ్ట్‌లో వాటిని ఎవరూ ముట్టుకోలేదు. ఈ కారుడునే ఎండోలీక్ అంటారు.

ఎండోలీక్ ఎలా ఉంటుందో సీటీ స్కాన్ తెర మీద చూస్తే విషయం బోధపడుతుంది. మధ్యలో లోహపు తీగల వలయం, దాని లోపల మందు ఎక్కించిన రక్తం తెల్లగా మెరుస్తూ ఉంటుంది. వలయం బయట, పాత ఉబ్బు గోడ లోపలంతా బూడిద రంగులో నిశ్చలంగా ఉండాలి. ఆ బూడిద రంగు మధ్య వెన్ను వైపున చిక్కుడు గింజంత తెల్లటి మచ్చ కనబడిందంటే అక్కడ రక్తం పారుతోందని అర్థం. నిరుటి స్కాన్ పక్కన పెట్టి కొలిస్తే ఉబ్బు ఎన్ని మిల్లీమీటర్లు పెరిగిందో తెలుస్తుంది. రోగికి మాత్రం ఏమీ తెలియదు. నొప్పి ఉండదు, జ్వరం ఉండదు, మనిషి ఎప్పటిలాగే ఉదయం నడకకు వెళ్లొస్తుంటాడు.

అందుకే స్టెంట్ గ్రాఫ్ట్ పెట్టించుకున్న ప్రతి మనిషీ జీవితాంతం ఏటా స్కాన్ చేయించుకోవాలి. ఇది సలహా కాదు, చికిత్సలో సగభాగం. ఆ సగం మనదగ్గర ఎంతమందికి జరుగుతోంది? ఉద్దానం పల్లె నుంచో ఆసిఫాబాద్ అడవి అంచు నుంచో విశాఖకో హైదరాబాద్‌కో ఏటా ఒక పెద్దమనిషిని తోడిచ్చి తీసుకురావాలి. స్కాన్‌కు డబ్బు కట్టాలి. కిడ్నీలు అంతంత మాత్రంగా ఉంటే సీటీ మందు వాటికి ఇంకో దెబ్బ. మొదటి ఏడు వస్తారు, రెండో ఏడు వస్తారు. "నాన్న బాగానే ఉన్నాడు కదా, మళ్లీ ఎందుకులే" అని మూడో ఏడు మానేస్తారు. తప్పు వాళ్లది కాదు. ఏటా రావాలని డిశ్చార్జి కాగితం మీద ఒక వాక్యం రాసి పంపినవాళ్లది. అమెరికాలో, బీమా ఉండి, పక్కనే ఆస్పత్రి ఉన్నవాళ్లు కూడా ఈ వార్షిక స్కాన్లు పెద్ద ఎత్తున మానేస్తున్నారని అక్కడి అధ్యయనాలే తేల్చాయి. 2021 నవంబరులో అమెరికా ఎఫ్‌డీఏ సలహా సంఘాన్ని ప్రత్యేకంగా కూర్చోబెట్టి, ఈ పరికరాల దీర్ఘకాల ఫలితాలను ఎలా గమనించాలో చర్చించవలసి వచ్చింది. పరికరం మార్కెట్లోకి వచ్చిన ఇరవై రెండేళ్లకు!

దీనికి స్టెంట్ గ్రాఫ్ట్‌ను సమర్థించేవాళ్లు చెప్పే జవాబు ఒకటుంది. "ఆ పరిశోధనలు పాత పరికరాలతో చేసినవి, ఇప్పటివి చాలా మెరుగయ్యాయి" అంటారు. నిజమేమో అనిపిస్తుంది. కానీ ఏ కొత్త పరికరం ఓపెన్ ఆపరేషన్‌తో లాటరీ పద్ధతిలో పోటీపడి పదిహేనేళ్లు నిలబడి చూపించింది? ఒక్కటీ లేదు. నిలబడుతుందన్న నమ్మకం ఉండొచ్చు, రుజువు లేదు. కొత్తదనం మంచితనానికి పూచీ కాదనడానికి మాత్రం రుజువులున్నాయి. ఎండోలీక్ బెడదకు శాశ్వత పరిష్కారమని నెలిక్స్ అనే పరికరం తెచ్చారు: ఉబ్బునంతా లోపల పాలిమర్ సంచులతో నింపేసే ఉపాయం. కొన్నేళ్లకే జారడాలు, ఉబ్బు పెరగడాలు బయటపడ్డాయి. 2019లో ఐరోపా అనుమతి నిలిచిపోయింది. అంతకుముందు కథ మరీ దారుణం. 1999లో అమెరికాలో మొదట అనుమతి పొందిన రెండు పరికరాల్లో ఒకటి ఆంక్యూర్. దాన్ని తయారుచేసిన గైడెంట్ అనుబంధ సంస్థ, అమ్మిన 7,632 పరికరాల్లో 2,628 సంఘటనల సమాచారం ప్రభుత్వానికి చెప్పకుండా దాచింది. వాటిలో 12 మరణాలున్నాయి. 2003లో కోర్టులో నేరం ఒప్పుకుని 9.24 కోట్ల డాలర్లు కట్టింది. అన్ని కంపెనీలూ ఇంతేనని నేననను. కంపెనీ ప్రతినిధి చేతిలోని కరపత్రాన్ని సాక్ష్యంగా తీసుకోకూడదని మాత్రం ఈ కథ చాటుతోంది.

పరికరం మంచిదే అయినా దాన్ని ఎక్కడ పెడుతున్నారన్నది ఇంకో ప్రశ్న. మెడ ఎంత పొడవుండాలి, ఎంత వంపు ఉండొచ్చు, ఎంత వెడల్పు ఉండొచ్చు అని తయారీదారులే నిబంధనలు రాసి ఇస్తారు. అమెరికాలో 1999-2008 మధ్య స్టెంట్ గ్రాఫ్ట్ పెట్టించుకున్న 10,228 మంది స్కాన్లను కొలిచి చూస్తే, అత్యంత కఠినమైన నిబంధనకు సరిపోయినవాళ్లు 42 శాతమే. అయిదేళ్లలో 41 శాతం మందిలో ఉబ్బు తగ్గకపోగా పెరిగింది. సర్క్యులేషన్ పత్రికలో 2011లో వచ్చిన ఈ అంకెలు చదివాక కూడా "అందరికీ స్టెంటే" అనగలిగే వైద్యుణ్ణి నేను అర్థం చేసుకోలేను.

"రోగులే అదే కోరుకుంటున్నారు కదా" అనేది ఇంకో వాదం. రోగి కోరుకుంటాడు, ఎందుకంటే అతనికి ముప్పై రోజుల అంకె చెప్పి, పదిహేనేళ్ల అంకె చెప్పలేదు. రెండూ చెబితే ఏ అరవై ఆరేళ్ల రిటైర్డ్ టీచరో, ఇంకా పొలానికి వెళ్లి వస్తున్న రైతో ఏం కోరుకుంటాడో అప్పుడు చూద్దాం. సగం సమాచారంతో తీసుకున్న సమ్మతిని సమ్మతి అనలేం.

ఓపెన్ ఆపరేషన్‌కు తర్వాతి బాధలు లేవని నేను వాదించడం లేదు. కోత పెట్టిన చోట హెర్నియా వస్తుంది, తరచుగానే వస్తుంది. పేగులు అతుక్కుని అడ్డుపడి ఆస్పత్రికి రావలసి రావచ్చు. మెడికేర్ లెక్కల్లో ఇలాంటి పొట్టకోత సమస్యలు ఓపెన్ వైపే ఎక్కువ. కానీ హెర్నియా కంటికి కనబడుతుంది, చేతికి తగులుతుంది. ఎవరూ స్కాన్ చేయకుండానే రోగే చూపిస్తాడు, దాన్ని బాగు చేయడం సర్జన్లకు రోజూ ఉండే పనే. చప్పుడు లేకుండా పెరిగి ఒక అర్ధరాత్రి పగిలే ఉబ్బుతో దాన్ని ఒకే తక్కెడలో తూచడం న్యాయం కాదు.

డబ్బు మాట కూడా మాట్లాడాలి. 2017 ఫిబ్రవరిలో కేంద్రం గుండె స్టెంట్లకు ధర పరిమితి పెట్టింది, దేశమంతా సంతోషించింది. బృహద్ధమని స్టెంట్ గ్రాఫ్టులు ఆ పరిమితిలో లేవు. ఒక్క పరికరమే లక్షలు పలుకుతుంది, ఆపైన జీవితాంతం స్కాన్లు, వీటిపైన మళ్లీ చికిత్స పడితే ఇంకో పరికరం. డాక్రాన్ గొట్టం ఖరీదు దీనిముందు లెక్కలోది కాదు. ఓపెన్ ఆపరేషన్‌లో ఖర్చయ్యేది సర్జన్ చేతి పని, మత్తు డాక్టరు జాగరూకత, ఐసీయూ నర్సుల రాత్రులు. బిల్లులో వీటికి పరికరమంత ధర పడదు.

అన్నింటికంటే నన్ను కలవరపెట్టేది చేతి పని అడుగంటిపోవడం. అమెరికాలో ముందుగా నిర్ణయించి చేసే ఉబ్బు చికిత్సల్లో నాలుగింట మూడు వంతులకు పైగా ఇప్పుడు స్టెంట్ గ్రాఫ్టులే. శిక్షణలో ఉన్న యువ సర్జన్లకు ఓపెన్ ఆపరేషన్ చూసే అవకాశమే తగ్గిపోయింది, చేసే అవకాశం సంగతి చెప్పనక్కర్లేదు. మనదీ అదే బాట. చేసేవాళ్లు తగ్గితే ఫలితాలు చెడతాయి. ఏడాదికి ఎక్కువ ఆపరేషన్లు చేసే కేంద్రాల్లో మరణాలు తక్కువని ఎన్నో దేశాల్లో తేలిన విషయమే. ఫలితాలు చెడితే "చూశారా, ఓపెన్ ప్రమాదకరం" అంటారు. అలా ఇంకా తగ్గుతుంది. చివరికి ఈ పాపం ఎవరి మీద పడుతుంది? స్టెంట్ గ్రాఫ్ట్ విఫలమై, దాన్ని పెరికి తీసి ఓపెన్‌గా బాగు చేయవలసిన రోగి మీద. అది మామూలు ఓపెన్ కంటే ఎంతో కష్టమైన ఆపరేషన్. కొక్కేలు ధమని గోడలో దిగబడి ఉంటాయి, చాలాసార్లు కిడ్నీ నాళాలకు పైన క్లాంపు వేయాలి, రోగి వయసు అప్పటికి పదేళ్లు పెరిగి ఉంటుంది. సులువైన ఆపరేషన్ నేర్చుకోని తరానికి కష్టమైన ఆపరేషన్ అప్పగిస్తున్నాం.

బ్రిటన్ ప్రభుత్వ సంస్థ నైస్ ఈ సాక్ష్యాలన్నీ పరిశీలించి 2018లో ముసాయిదా విడుదల చేసింది: ఓపెన్ ఆపరేషన్ చేయగలిగిన రోగుల్లో, పగలని ఉబ్బుకు స్టెంట్ గ్రాఫ్ట్ ఇవ్వొద్దని. పెద్ద దుమారం లేచింది. 2020 మార్చిలో వచ్చిన తుది మార్గదర్శకం భాషను మెత్తబరిచింది. అయినా అందులోనూ మొదటి మాట అదే: వద్దనడానికి కారణం ఏదీ లేకపోతే ఓపెన్ ఆపరేషన్ ఇవ్వాలి. ఐరోపా రక్తనాళ సర్జన్ల సంఘం స్టెంట్ గ్రాఫ్ట్ వైపే మొగ్గింది. వాళ్లు కూడా దీర్ఘకాలం బతికే అవకాశం ఉన్నవాళ్లకు ఓపెన్ గురించి ముందు ఆలోచించమన్నారు. మన కరపత్రాల్లో ఈ రెండో ముక్క ఎక్కడా కనబడదు.

సులువన్న పేరు ఇంకో కీడు కూడా చేస్తోంది. నాలుగున్నర సెంటీమీటర్ల ఉబ్బుకే "చిన్న పనే కదా, ఇప్పుడే పెట్టించేద్దాం" అనే తొందర. అయిదున్నర సెంటీమీటర్ల లోపు ఉబ్బును ఓపెన్‌గా ముందే బాగు చేస్తే లాభం లేదని బ్రిటన్, అమెరికా పరిశోధనలు ఎప్పుడో తేల్చాయి. స్టెంట్ గ్రాఫ్ట్‌తో తొందరపడ్డా లాభం లేదని సీజర్, పివోటల్ పరిశోధనలు తేల్చాయి. ఆ దశలో చేయవలసింది సిగరెట్, బీడీ మానిపించడం, బీపీ అదుపులో పెట్టడం, క్రమం తప్పకుండా అల్ట్రాసౌండ్ చూడడం.

స్టెంట్ గ్రాఫ్ట్‌ను నేను ద్వేషించడం లేదు. ఉబ్బు పగిలి రక్తపోటు పడిపోతున్న మనిషికి మత్తు కూడా ఇవ్వకుండా గజ్జ దగ్గర మాత్రమే తిమ్మిరెక్కించి చేయగలగడం వరం. బ్రిటన్‌లో 613 మందితో చేసిన ఇంప్రూవ్ పరిశోధనలో మూడేళ్లకు స్టెంట్ గ్రాఫ్ట్ వైపే ఎక్కువమంది బతికి ఉన్నారు. ఇదివరకే పొట్టలో రెండు మూడు ఆపరేషన్లు అయి పేగులు అతుక్కుపోయినవాళ్లకు, ఎనభై దాటి నడవగలుగుతూ, ఓపెన్‌ను తట్టుకోలేరనిపించేవాళ్లకు అది సరైన చికిత్స కావచ్చు. నా తగాదా అది అందరికీ మొదటి మాట కావడంతోనే.

కాబట్టి మీ ఇంట్లో ఎవరికైనా ఈ చికిత్స చెబితే, సమ్మతి పత్రం మీద సంతకం పెట్టకముందే కొన్ని సంగతులు అడగండి. ఈ మనిషి ఇంకా ఎన్నేళ్లు బతకవచ్చని మీ అంచనా? మెడ పొడవు, వంపు ఆ పరికరం నిబంధనలకు లోబడి ఉన్నాయా? పదేళ్ల తర్వాత ఫలితం ఎలా ఉంటుంది? ఏటా స్కాన్ ఎక్కడ, ఎంత ఖర్చు, ఎవరు గుర్తు చేస్తారు? ఈ ఆస్పత్రిలో ఏడాదికి ఎన్ని ఓపెన్ ఆపరేషన్లు చేస్తున్నారు, వాటిలో ఎంతమంది బతికి ఇంటికి వెళ్లారు? బ్రిటన్‌లో ఆస్పత్రుల వారీగా ఈ లెక్కలు ప్రజల ముందు పెడతారు. మనం నోరు తెరిచి అడిగితే తప్ప రావు. జవాబు దాటవేస్తే ఓపెన్ ఆపరేషన్ చేసే అనుభవమున్న మరో వ్యాస్క్యులర్ సర్జన్ దగ్గరికి స్కాన్ పట్టుకుని వెళ్లండి. కడుపులో గానీ నడుములో గానీ కొత్తగా నొప్పి మొదలైతే మాత్రం ఒక్క గంట కూడా ఆగకండి. నొప్పి లేని ఉబ్బయితే, రెండో అభిప్రాయం తీసుకోవడానికి సరిపడా వ్యవధి సాధారణంగా ఉంటుంది.